నీట మునిగిన మా క్లబ్బు: 4 అడుగుల 2 అంగుళాల గీత నుంచి బాగుచేత డైరీ

చీపురు పట్టే ముందు పెన్సిలు పట్టండి. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తు వరకు ఉందో అన్ని గదుల్లో గీత గీసి, తారీఖు రాసి, ఫోటో తీసుకోండి. మొదటి వారంలో మేము సరిగ్గా చేసిన పని అదొక్కటే. మా గీత నేల నుంచి 4 అడుగుల 2 అంగుళాలు. తర్వాత ఏడు నెలలు మా గొడవలన్నీ ఆ గీత చుట్టే తిరిగాయి.

భవనం హనుమకొండలో, హంటర్ రోడ్డు వైపు. 40 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పున్న ఒకటే హాలు, వెనక టాయిలెట్, పైన బెంగుళూరు పెంకలు. అరవై ఏళ్ళ కిందటి కట్టడం. గోడలు ఇటుకన్నర మందం, అంటే 13 అంగుళాల పైన, సున్నం మాలుతో కట్టినవి. కాలనీ వాళ్ళు పొద్దున పేపర్లు చదివేది, సాయంత్రం క్యారమ్స్ ఆడేది, సంఘం అక్కలు పొదుపు లెక్కలు చూసుకునేది ఇక్కడే. 2023 జూలై 26 రాత్రి బొందివాగు పొంగి నీళ్ళు వచ్చాయి. అదే రాత్రి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల లెక్కన 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మా దగ్గర అంత పడలేదు గానీ మునగడానికి అంత అవసరం రాలేదు. నీళ్ళు దాదాపు 40 గంటలు హాల్లోనే నిలిచాయి. 29న పోతన నగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడిందని తెలిసి ఆ రోజంతా ఊరు అటే చూసింది. మేము లోపలికి అడుగు పెట్టింది 30న, ఆదివారం.

నేను పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంటుని. తూకం వేయడం, రాసుకోవడం తప్ప కట్టుబడి పని తెలియదు. ఈ డైరీ చదివేటప్పుడు అది గుర్తుంచుకోండి.

దశ 1: బురద (జూలై 30 – ఆగస్టు 3)

హాలంతా సగటున 4 అంగుళాల బురద. 880 చదరపు అడుగుల మీద లెక్కేస్తే 293 ఘనపుటడుగులు. దర్వాజ దగ్గర ఒక పిల్లవాణ్ణి సుద్దముక్కతో కూర్చోబెట్టి తట్టలు లెక్క పెట్టించాం. 740 తట్టలు, మూడు ట్రాక్టర్ ట్రిప్పులు. తట్టకు 0.4 ఘనపుటడుగులు అనుకుంటే లెక్క సరిపోయింది. మీరు కూడా ముందే లెక్కేసుకుంటే ట్రాక్టరుకు ఎన్ని ట్రిప్పులు చెప్పాలో తెలుస్తుంది.

1. లైన్‌మన్‌ను పిలిచి స్తంభం దగ్గరే కరెంటు తీయించాం. లోపలి మెయిన్ ఆఫ్ చేస్తే చాలదు, ఆ మెయిన్ బోర్డే మునిగింది.
2. గమ్ బూట్లు, గ్లౌజులు లేనివాళ్ళను గడప దాటనివ్వలేదు. బీరువాల కింద చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించాం. రెండు తేళ్ళు, ఒక నీరుకట్టె పాము బయటికి వచ్చాయి.
3. బురదను పచ్చిగా ఉన్నప్పుడే లాగాం. సగం హాలే లాగాం, అదే మా తప్పు. మిగతా సగం "రేపు చూద్దాం" అని వదిలితే రెండో రోజుకు పైపొర గట్టిపడి పారకు రాలేదు. మొదటి సగం 5 గంటల్లో అయితే రెండో సగానికి 11 గంటలు పట్టింది.
4. రబ్బరు వైపర్లు బురదకు పనికిరావు, వంగిపోతాయి. మూడు అడుగుల పాత చెక్కకు పార కట్టె బిగించి ఇద్దరు లాగితే బాగా వచ్చింది.
5. కడిగిన తర్వాతే బ్లీచింగ్. 10 లీటర్ల బకెట్‌కు 160 గ్రాముల పౌడర్. బురద ఉండగా చల్లితే మందంతా బురదే తినేస్తుంది. మేము మొదటి బస్తాలో సగం అలాగే పోగొట్టుకున్నాం.

ఆగస్టు 2న ఒక కుర్రవాడు టాయిలెట్ తొందరగా తెల్లబడాలని బ్లీచింగ్ నీళ్ళ మీదే టాయిలెట్ కడిగే యాసిడ్ పోశాడు. పచ్చటి గాలి, గొంతు పట్టేసే దగ్గు. అందరం బయటికి పరుగెత్తి అరగంట దాకా లోపలికి పోలేదు. ఆ రోజు నుంచి యాసిడ్ సీసా మా అత్తమ్మ ఇంట్లో తాళం వేసి ఉంది.

ఇంకో తప్పు ప్రెషర్ వాషర్. నేల మీద బ్రహ్మాండంగా పనిచేసింది కదా అని గోడ కూడా దానితోనే కడిగాం. ఇటుకల మధ్య సున్నం మాలు అర అంగుళం లోతు దాకా కొట్టుకుపోయింది. పైగా, అసలే నీళ్ళు తాగిన గోడకు మళ్ళీ తాగించాం. పాత సున్నపు గోడకు మెత్తటి బ్రష్షు, బకెట్ నీళ్ళు చాలు.

ఖర్చు: ట్రాక్టర్ 5,400, బూట్లు 3,800, గ్లౌజులు, మాస్కులు 1,260, నీళ్ళు తోడే ఇంజిన్ కిరాయి 2,000, బ్లీచింగ్ 900, పారలు, తట్టలు 2,940.
ఇప్పటిదాకా: రూ. 16,300

దశ 2: పుస్తకాలు, రిజిస్టర్లు (ఆలస్యంగా మొదలైనది)

ఇది దశ 1 కంటే ముందు జరగాల్సింది. తడిసిన కాగితానికి బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. మేము బురదతో కుస్తీ పట్టి ఐదో రోజున బీరువా తెరిచాం. తాళం తుప్పు పట్టి తెరుచుకోకపోతే వెనక రేకు కోశాం.

లోపల 43 రిజిస్టర్లు, సుమారు 600 పుస్తకాలు, వారపత్రికల కట్టలు. వారపత్రికల నున్నటి కాగితం ఒకదానికొకటి అంటుకుని ఇటుకలైపోయింది. వాటిని వదిలేశాం. నవలల్లో 210 మిగిలాయి. రిజిస్టర్ల మీద మాత్రం పట్టు పట్టాం. క్లబ్బు సభ్యుల పేర్లు, చందాలు, ఎవరి కర్మకు ఎంత సాయం చేశారో అన్నీ అందులోనే ఉన్నాయి.

అన్నిటినీ ఒకేసారి ఆరబెట్టలేం కాబట్టి చల్లగా ఉంచి కొన్ని కొన్నిగా తీద్దాం అనుకున్నాం. ఏనుమాముల మార్కెట్ దగ్గర హమాలీ పని చేసే అన్న ఒకాయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో రెండు బస్తాల జాగా ఇప్పించాడు. వరంగల్‌లో ఉండి మిర్చి కోల్డ్ స్టోరేజీ గుర్తుకు రాకపోతే ఎలా అని మేమంతా మురిసిపోయాం. ఆరు రోజులకు వెళ్ళి చూస్తే అట్టల మీద నల్ల చుక్కలు. అక్కడ చలి సుమారు 5 డిగ్రీలు. అది బూజును నెమ్మదింపజేస్తుంది, ఆపదు. దానికి తోడు ప్రతి పేజీలో మిర్చి ఘాటు. పేజీ తిప్పిన వాళ్ళందరూ తుమ్ములే.

తర్వాత ఐస్‌క్రీమ్ డీలర్ ఒకాయన ఖాళీ డీప్ ఫ్రీజర్ ఇచ్చాడు. మైనస్ 18. అందులో బూజు ఆగింది. చేసిన పద్ధతి ఇది:

1. రిజిస్టరు మూసి ఉంచే, బకెట్ నీళ్ళలో బురద కడిగాం. తెరిస్తే పేజీలు చిరుగుతాయి.
2. ఒక్కోదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో నిలబెట్టాం.
3. రోజుకు మూడు తీసి, ప్రతి 10 పేజీలకు ఒక తెల్ల న్యూస్‌ప్రింట్ కాగితం దూర్చి, ఫ్యాన్ గాలికి పెట్టాం. అచ్చు పడిన పేపర్ వాడితే సిరా అంటుకుంటుంది.
4. రోజుకు రెండుసార్లు కాగితాలు మార్చాం. ఎండలో పెట్టలేదు. పెట్టిన ఒక్కటి విల్లులా వంగింది.

43లో 36 చదవడానికి వచ్చాయి. పోయిన ఏడూ సిరా పెన్నుతో రాసినవి. రాత మొత్తం నీలం మరకైంది. బాల్‌పెన్ను రాతకు నూనె సిరా కాబట్టి ఏమీ కాలేదు. పాతకాలం ముత్యాల్లాంటి దస్తూరి పోయి, ఈ మధ్యవాళ్ళ కోడిగీతలు మిగిలాయని మా కార్యదర్శి బాధ.

ఖర్చు 2,150. ఇప్పటిదాకా: రూ. 18,450

దశ 3: కరెంటు (ఆగస్టు 8 – సెప్టెంబరు 5)

మా వాదన: వైర్లు పైపుల్లో ఉన్నాయి, ఆరితే పనిచేస్తాయి, డబ్బు మిగులుతుంది. కాలేజీ నుంచి మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటర్) అడిగి తెచ్చాను. బల్బులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు అన్నీ ఊడదీసి 500 వోల్టుల మీద చూశాం. లైను ఒకటి మెగా ఓం కంటే తక్కువ చూపిస్తే కరెంటు ఇవ్వకూడదన్నది మేము పెట్టుకున్న హద్దు.

ఆగస్టు 8: ఫ్యాన్ల లైను 40 మెగా ఓం, ప్లగ్గుల లైను 0.02.
ఆగస్టు 18: ప్లగ్గుల లైను 0.2.
ఆగస్టు 29: 0.6.

ఇంకో పది రోజులు ఆగితే ఒకటి దాటేదేమో. అప్పుడు మేము సంబరంగా కరెంటు ఇచ్చేవాళ్ళం. అనుమానం వచ్చి ఒక వైరు లాగి చూశాం. పైపు సగం దాకా ఒండ్రు మట్టి, వైరు కొన దగ్గర రాగి పచ్చబడి ఉంది. ఎండాకాలంలో బాగానే ఉండి, మళ్ళీ వానలకు మట్టి తడిస్తే గోడకే షాక్ కొట్టేది. మెగ్గర్ అంకె ఒక్కటే నమ్మకండి, ఒక వైరు లాగి కళ్ళతో చూడండి.

మార్చినవి: నీటి గీత కింద ఉన్న వైర్లు, స్విచ్చులు, ఎంసీబీలు మొత్తం. పైనుంచి వచ్చే ఫ్యాన్ లైను ఉంచాం. కొత్త బోర్డులన్నీ 5 అడుగుల 6 అంగుళాల ఎత్తులో, పైపులు గోడ లోపల కాకుండా పైనే. చూడ్డానికి బాగాలేదని ఇద్దరు అలిగారు. మళ్ళీ మునిగితే ఊడదీయడం అరపూట పని అని చెప్పాం. ప్లగ్గులకు విడిగా 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టాం. ఎర్తింగ్ గుంత తవ్వి బొగ్గు, ఉప్పు మార్చాం.

ఖర్చు 34,250. ఇప్పటిదాకా: రూ. 52,700

దశ 4: గోడ

అసలు కథ ఇక్కడుంది. డబ్బు పోయింది ఇక్కడే, మాటలు పడ్డదీ ఇక్కడే.

*ఆగస్టు 20.* గోడ ఎంత తడిగా ఉందో కొలవాలి. నా సొంత డబ్బుతో రెండు ముళ్ళుండే తేమ మీటర్ కొన్నాను. ఎక్కడ గుచ్చినా చివరి అంకె చూపించింది. (నవంబరులో కూడా అదే అంకె. గోడలో ఉప్పు ఉంటే ఆ మీటర్ తడి అనుకుంటుంది. చెక్కకు మాత్రం అది బాగా పనికొచ్చింది.) చివరికి ల్యాబ్ పద్ధతికి వచ్చాం:

1. గోడకు రెండు అంగుళాల లోతు డ్రిల్లింగ్, మెల్లగా. వేగంగా తిప్పితే ఆ వేడికే పొడి ఆరిపోయి తప్పు లెక్క వస్తుంది.
2. పొడి వెంటనే మూత డబ్బాలో వేసి తూకం.
3. 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు, మళ్ళీ తూకం. తగ్గిన బరువే నీళ్ళు.

ఓవెన్ లేకపోతే ఇనుప పెనం మీద సన్నటి మంటతో, బరువు తగ్గడం ఆగే వరకు వేయించినా మనకు కావలసినంత తెలుస్తుంది. ఉత్తరం గోడ, నేల నుంచి 2 అడుగుల ఎత్తులో: 17.2 శాతం.

రామప్ప గుడి శిఖరం ఇటుక నీళ్ళలో వేస్తే తేలుతుందని ఈ జిల్లాల్లో పుట్టిన ప్రతివాడూ గొప్పగా చెప్తాడు. మా ఇటుక మాత్రం ప్రతి వంద గ్రాములకు 17 గ్రాముల నీళ్ళు తాగి కూర్చుంది.

*ఆగస్టు 24–27.* త్వరగా ఆరాలని 1,000 వాట్ల హాలోజన్ లైట్లు రెండు తెచ్చి, వేడి బయటికి పోకుండా కిటికీలు మూసి, మూడు రాత్రులు వెలిగించాం. గోడలో నీళ్ళు గాలిలోకి వచ్చాయి. గాలి బయటికి పోలేదు. హాల్లో తేమ 91 శాతం. నాలుగో రోజు పైకి చూస్తే అసలు మునగని దూలాలకు తెల్లటి బూజు. అప్పటి నుంచి హాలు లోపలొక తేమ గడియారం, బయటొకటి పెట్టాం. బయట తక్కువుంటేనే కిటికీలు తెరవాలి, ఫ్యాన్లు గోడ వైపు కాకుండా కిటికీ వైపు తిప్పాలి.
ఖర్చు 1,900. ఇప్పటిదాకా: రూ. 54,600

*సెప్టెంబరు 6.* వినాయక చవితి 18న. యువకులు హాల్లోనే విగ్రహం పెట్టాలన్నారు. కనీసం ఎదురుగా కనిపించే ఉత్తరం గోడ తెల్లగా ఉండాలట. మా సుతారి (మేస్త్రి) కాక డెబ్బై ఏళ్ళాయన, చిన్నప్పుడు సున్నం పని చేసిన మనిషి. గోడకు చెయ్యి ఆనించి, "ఇంకా తడి ఉన్నది సారూ. సిమెంటు ఏస్తే గోడ నోరు మూసినట్టే. నోరు మూస్తే పక్కకెళ్ళి కక్కుతది" అన్నాడు. పది మంది మాట ముందు ఆయన మాట నిలవలేదు. నా నోటుబుక్కులో 17.2 అని రాసి ఉంది, అయినా నేనూ చెయ్యి ఎత్తాను. సిమెంటు ఒకటి, ఇసుక నాలుగు పాళ్ళతో ప్లాస్టరు, దాని మీద పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్. చవితికి గోడ మెరిసింది.
ఖర్చు 18,600. ఇప్పటిదాకా: రూ. 73,200

*అక్టోబరు 5.* పెయింట్ బొబ్బలు. గోటితో గుచ్చితే నీటి చుక్క. ప్లాస్టరు పైఅంచున తెల్లటి ఉప్పు, పువ్వులా. గీత దగ్గర ఉండాల్సిన తడి 6 అడుగుల 10 అంగుళాలకు ఎక్కింది. ముందుకు దారి లేక పైకి పోయింది. ఒకరు ఆ ఉప్పును తడిగుడ్డతో తుడిచారు. మాయమైంది, వారానికి రెండింతలై వచ్చింది. ఉప్పు నీళ్ళలో కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చి, కింద పేపరు పరిచి ఎత్తి బయట పారేయాలి.

*అక్టోబరు 9–12.* సిమెంటు ఊడదీశాం. సిమెంటు ఇటుకను గట్టిగా పట్టుకుంటుంది, ఇటుక ముఖాన్ని కూడా తనతో తీసుకెళ్ళింది. 38 ఇటుకలు పెచ్చులైనాయి. దాంతో పాటు నాలుగు గోడలకూ కింద ఎప్పుడో వేసిన ఆయిల్ పెయింట్ పట్టీ, పాత గార 6 అడుగుల ఎత్తు వరకు చెక్కేశాం. ఇది ఆగస్టులోనే చేయాల్సిన పని. నీటి గీతకు కనీసం ఒక అడుగు పైదాకా గోడను వొలిచి వదిలేస్తే రెండు నెలలు కలిసొచ్చేవి.
ఖర్చు 4,200. ఇప్పటిదాకా: రూ. 77,400

*అక్టోబరు 22.* సద్దుల బతుకమ్మ. ఆట ముందరి ఆవరణలో, కొత్త లైట్ల కింద. ఆడేముందు బతుకమ్మలను వరుసగా హాల్లో పెట్టారు, నాలుగు వైపులా ఎర్రటి ఇటుకలు కనిపించే గోడల మధ్య. ఎవరూ ఏమీ అనలేదు. తెల్ల గోడ కోసం చవితికి అంత కొట్లాడిన వాళ్ళు కూడా.

తర్వాత చేసింది ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. కిటికీలు తెరవడం, మూయడం, వారానికోసారి ఉప్పు ఊడ్వడం. వానలు పోయి పొడిగాలి మొదలయ్యాక మధ్యాహ్నం బయటి తేమ 45కు దిగింది. గోడ అప్పుడు కదిలింది. ఉత్తరం గోడ, అదే ఎత్తులో:

సెప్టెంబరు 30: 13.5
నవంబరు 15: 7.8
డిసెంబరు 31: 4.6
ఫిబ్రవరి 15: 2.9

నవంబరులో ఎన్నికల హడావుడికి కూలీలు, ట్రాక్టర్లు దొరకలేదు. ఎవరికైనా చెప్పాలంటే అది మా అదృష్టం. దొరికి ఉంటే 7.8 మీదే మళ్ళీ ఏదో ఒకటి పూసేవాళ్ళం.

*సున్నం పని, జనవరి 8 – 24.* సున్నపు రాళ్ళు డిసెంబరు మొదటి వారంలోనే తెచ్చి గుంతలో నానబెట్టాం. నీళ్ళు పోయగానే కుతకుత ఉడుకుతుంది. కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు, పిల్లలను అసలే రానివ్వద్దు. సున్నాన్ని నీళ్ళ కింద నెల రోజులు ఉంచి, జల్లెడ పట్టి తీశాం. నానని పలుకు ఒక్కటి మిగిలినా గోడ మీద తర్వాత పేలి చిన్న గుంత పడుతుంది. మాకు 9 పడ్డాయి.

పాళ్ళు: సున్నం 1, మెత్తటి ఇటుక పొడి 1, ఇసుక 2. పూయాల్సిన గోడ:

చుట్టుకొలత 124 అడుగులు × ఎత్తు 6 = 744
దర్వాజలు తీసేస్తే −72
కిటికీలు −54
మిగిలింది 618 చదరపు అడుగులు

గోడ ఎగుడుదిగుడు కాబట్టి మందం ముప్పావు అంగుళం దాకా వచ్చింది. పూసే ముందు గోడ మీద కొద్దిగా నీళ్ళు చిలకరించాలి. ఐదు నెలలు ఆరబెట్టి మళ్ళీ తడపడమేంటని అందరూ గొడవ. తడపకపోతే ఎండిన ఇటుక మాలులోని నీళ్ళన్నీ లాక్కుని గార పిండిలా రాలుతుంది. మొదటి రోజు పూసిన దక్షిణం మూల అలాగే రాలింది. పూసిన తర్వాత వారం రోజులు తడి గోనెసంచులు కట్టాం.

కాక కరక్కాయ నీళ్ళు, బెల్లం కలపాల్సిందే అన్నాడు. సరే, తేల్చుకుందామని టాయిలెట్ దర్వాజ పక్కన రెండు అడుగుల గళ్ళు రెండు గీసి, ఒకదాంట్లో కలిపి, ఒకదాంట్లో కలపకుండా పూయించాను. నెల తర్వాత మేకుతో గీకి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. తేడా ఒకటే, బెల్లం గడికి చీమలు వచ్చాయి. "నెలకు తెలుస్తదా? నువ్వు రిటైరైనంక చూడు" అన్నాడు కాక.

పైన సున్నం వెల్ల మూడు పూతలు. ప్లాస్టిక్ పెయింట్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఖర్చు: సున్నం 9,800, ఇటుక పొడి పట్టించడం 3,200, ఇసుక 4,500, మేస్త్రి 11 రోజులు 11,000, కూలీలు 13,200, వెల్ల 2,300. మొత్తం 44,000.
ఇప్పటిదాకా: రూ. 1,21,400

దశ 5: బండలు

పైకి చూస్తే నేలకు ఏమీ కాలేదు. 220 షాబాద్ బండలు, రెండడుగులవి. కర్రతో ఒక్కొక్కటి తట్టి చూశాం. 61 డొల్ల శబ్దం చేశాయి. కింద ఇసుక కొట్టుకుపోయింది. వాటి మీద సుద్దతో గుర్తు పెట్టి, వరుస అంకెలు రాసి, ఆ వరుసలోనే తీసి పెట్టాం. 14 పగిలాయి. అందులో ఐదు గడ్డపారతో మేమే పగలగొట్టినవి. బండ అంచుకు గడ్డపార వేయకండి, మూలన చెక్క మేకు దూర్చి లేపండి.
ఖర్చు 12,000. ఇప్పటిదాకా: రూ. 1,33,400

దశ 6: చెక్క, జంపఖానా

టేకు దర్వాజలు రెండూ బతికాయి. ఆగస్టులో చెక్క తేమ 28 శాతం, మూసుకునేవి కావు. ఒక ఉత్సాహవంతుడు రంద పట్టబోతే ఆపాం. జనవరికి 13 శాతానికి వచ్చి వాటంతటవే గూట్లో కూర్చున్నాయి. అప్పుడు రంద పట్టి ఉంటే ఇప్పుడు వేలు దూరేంత సందు ఉండేది. టాయిలెట్ ఫ్లష్ డోర్ మాత్రం అప్పడంలా పొరలు పొరలైంది, కొత్తది వేశాం. క్యారమ్ బోర్డుల ప్లైవుడ్ ఉబ్బి స్ట్రైకరు గుట్టలెక్కి దిగుతోంది, అవి కూడా కొత్తవే.
ఖర్చు 18,000. ఇప్పటిదాకా: రూ. 1,51,400

జంపఖానా పెద్దది, 12 అడుగులకు 15. వరంగల్ నేతే. దీని మీద కూడా మొదట ప్రెషర్ వాషరే ప్రయోగించాం, ఒక మూల జానెడు మేర నూలు పీచు లేచింది. కొత్తవాడ నేత పెద్దాయన చూసి తిట్టలేదు. "నీళ్ళల్ల నానినదాన్ని నీళ్ళతోనే కొడ్తరా బిడ్డా" అని మాత్రం అన్నాడు. సబ్బు లేకుండా పారే నీళ్ళలో మట్టి పోయేదాకా జాడించి, నీడలో ఆరబెట్టమన్నాడు. తడిసినదాన్ని ఎనిమిది మందిమి మోశాం. ఎర్రరంగు కొద్దిగా తెల్ల గీతల్లోకి దిగింది. చిరిగిన మూల ఆయనే నేసి ఇచ్చాడు.
ఖర్చు 2,300. ఇప్పటిదాకా: రూ. 1,53,700

దశ 7: టాయిలెట్, సెప్టిక్ ట్యాంకు

ఆ రాత్రి దర్వాజ కంటే ముందు నీళ్ళు వచ్చింది కమోడ్ నుంచి. ఎదురింటి అక్క కిటికీలోంచి చూసి చెప్పింది. ట్యాంకు నుంచి కాలువలోకి పోయే గొట్టమే కాలువ పొంగగానే లోపలికి దారి అయింది.

ట్యాంకులో ఒండ్రు నిండింది. వెంటనే బండి పిలిచి తోడించాలనుకున్నాం. ఆగి మంచిపని చేశాం. చుట్టూ నేల నాని ఉన్నప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తే బయటి ఒత్తిడికి గోడలు లోపలికి కూలొచ్చు. పక్క బావిలో నీటిమట్టం దిగేదాకా, ఐదు వారాలు ఆగి తోడించాం. కాలువ వైపు గొట్టానికి చాంబర్ కట్టి, నీళ్ళు వెనక్కి రాకుండా 4 అంగుళాల వాల్వు బిగించాం.
ఖర్చు 7,600. ఇప్పటిదాకా: రూ. 1,61,300

వసూలైన చందాలు రూ. 1,74,000. మిగిలింది 12,700. మా చేతులారా పోగొట్టింది, అంటే హాలోజన్ లైట్లు, సిమెంటు గోడ, దాన్ని ఊడదీసిన కూలి కలిపి 24,700. ఖర్చైన ప్రతి రూపాయిలో పదిహేను పైసలు. ఈ అంకెను నోటీసు బోర్డు మీద కూడా పెట్టాం. తీసేయమని ఇద్దరు అడిగారు, తీయలేదు.

2024 సెప్టెంబరు 1

ఆగస్టు 31 రాత్రంతా వాన. తెల్లారేసరికి కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిందని తెలిసింది. నలుగురం టార్చిలైట్లతో క్లబ్బుకు వెళ్ళాం. నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చి ఆగాయి. దర్వాజలోంచి చుక్క రాలేదు.

టాయిలెట్లో మాత్రం రెండు అంగుళాల నీళ్ళు. వాల్వు మూత సగం తెరుచుకుని ఉంది, మధ్యలో పాల ప్యాకెట్ కవరు ఇరుక్కుని. వాల్వు పెట్టి పదకొండు నెలలైంది, ఒక్కసారి కూడా మూత తీసి చూడలేదు. వాల్వుకు బయటివైపు, కాలువలో గొట్టం కలిసేచోట జాలీ పెట్టాం, 350. ప్రతి నెల ఒకటో తారీఖున చూడటానికి ఇద్దరి పేర్లు రాశాం.
ఇప్పటిదాకా: రూ. 1,61,650. చేతిలో 12,350.

టాయిలెట్ పక్క గోడ కింది భాగం తడిసింది. ఏమీ చేయలేదు, కిటికీ తెరిచి పెట్టాం. పదో తారీఖుకు మరక లేదు. బెల్లం గడి దగ్గర చీమలు మళ్ళీ వచ్చాయి.